టకార పొల్లు

ఉగాది వెళ్లిన ఆదివారం మా తమ్ముడు సోహెల్ కొట్టిన స్మాష్ హరీశ్ ముందుపన్ను విరగ్గొట్టింది.

హరీశ్ నెట్‌కు దగ్గరగా నిలబడి ఉన్నాడు. బంతి బాగా ఎత్తు లేచింది. సోహెల్‌కు కోర్టంతా ఖాళీ. మెల్లగా పక్కకు నెట్టినా పాయింట్ వచ్చేది. వాడు ఓ క్షణం ఆగి, చూసుకుని, మనిషి మీదికే కొట్టాడు. రెండు చప్పుళ్లు వినిపించాయి. ఒకటి రాకెట్‌ది, ఒకటి నోటిది. హరీశ్ పడలేదు. వంగి ఎర్రమట్టిలో వెతికి పన్ను ముక్క తీసుకున్నాడు. నెట్ మీదుగా చెయ్యి చాపి సోహెల్ అరచేతిలో పెట్టాడు. గడ్డం మీంచి రక్తం కారి బనీను మీద పడుతోంది.

"ఇంద, దాసుకో. రేపు నీదొకటి నాకియ్యాలె గద."

"పాలపన్నారా ఇది?" అన్నాడు సోహెల్.

చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. హరీశ్ కూడా ఆ ఎర్రటి నోటితోనే నవ్వాడు. తర్వాత నోరు కడుక్కుని వచ్చి ఆ సెట్ గెలిచాడు.

ఇద్దరూ టెన్నిస్ చాంపియన్లే. వరంగల్‌లో ఓపెన్ కప్పు ఒక ఏడు కొత్తవాడకు పోతే మరో ఏడు మండిబజార్‌కు వచ్చేది. కొత్తవాడలో హరీశ్ వాళ్ల నాన్న బాలకిషన్ గారికి మరమగ్గాల షెడ్డు ఉంది. మండిబజార్‌లో మా ఇల్లు. మా నాన్న సమద్ హనుమకొండలో ఒక క్లబ్బుకు మార్కర్. మట్టి కోర్టు తడపడం, రోలర్ లాగడం, సున్నంతో గీతలు వేయడం ఆయన పని. అమ్మ పోయాక సోహెల్ ఆ రోలర్ పక్కనే పెరిగాడు. నేను వాడి అక్కను, స్టేషన్ ఘన్‌పూర్‌లో బడిపిల్లలకు తెలుగు చెబుతాను. ఆ ఎండాకాలం వాళ్లిద్దరి ప్రతి ఆటా చూశాను.

ఆ సాయంత్రం నాన్న కంచం ముందు కూర్చుని అన్నం కలపలేదు.

"బాల్ ఆటనా అది, కుస్తీనా? ఖాళీ కోర్టు ఇడిశిపెట్టి పిలగాని మూతి పలగ్గొడ్తవా?"

"వాడేమన్నడో ఇన్నవా నువ్వు? 'మార్కర్ కొడుకా, బాల్ ఏరుకరా పో' అన్నడు."

"మార్కర్ కొడుకువు కావా మల్ల?"

సోహెల్ నా వైపు తిరిగాడు. "ఆపా, నువ్వన్న చెప్పు. నేను మూతి మీద కొట్టలే. వాడే మూతి తెచ్చి బాల్‌కు అడ్డం పెట్టిండు."

నాకు నవ్వు వచ్చింది. నాన్నకు రాలేదు.

మామిడికాయలు దిగే రోజుల్లో మళ్లీ ఆడారు.

మట్టి కోర్టు మీద బంతి పడిన చోట చిన్న గుర్తు పడుతుంది. దాన్ని మార్కు అంటారు. ఎవరి వైపు పడిన బంతికి వారే తీర్పు చెప్పాలి. ఔట్ అంటే మార్కును ముట్టుకోకూడదు. ఎదుటివాడు వచ్చి చూసుకుంటాడు. లోపల పడిందని ఒప్పుకుంటే బూటుతో చెరిపేయాలి. చెరపడమంటే పాయింట్ ఇచ్చేసినట్టు. ఆ రోజు సోహెల్ ఔట్ అని వేలెత్తాడు. కానీ బంతి కోసం పరుగెత్తిన ఊపులో వాడి కాలు మార్కు మీదుగానే జారింది. హరీశ్ నెట్ దాటి వచ్చి చూసేసరికి అక్కడ ఒట్టి గీరు ఉంది.

"చెరిపినవ్."

"కాలు జారింది."

"ఔట్ అనుకుంట చెరిపినవ్ రా, దొంగా."

ఎవరు ముందు చెయ్యి వేశారో నాకు కనబడలేదు. చూసేసరికి ఇద్దరూ నేల మీద ఉన్నారు. హరీశ్ వాడి జుట్టు పట్టి తలను మట్టికేసి కొడుతున్నాడు. వాడు గుప్పెడు మట్టి తీసి హరీశ్ కళ్లలో కుక్కాడు. పీఈటీ లక్ష్మీనారాయణ సార్ విడదీయబోతే ఆయన చెయ్యి కొరికారు, ఎవరో మరి. చివరకు ఆయన కోర్టు తడిపే బకెట్ ఎత్తి, వీధికుక్కల మీద పోసినట్టు వాళ్ల మీద నీళ్లు కుమ్మరించాడు. విడిపోయి కూర్చున్నారు. ఇద్దరికీ ఒళ్లంతా ఎర్రమట్టి. అందులో రక్తమేదో తెలియలేదు.

మరునాటికి కొత్తవాడ కుర్రాళ్లు ఒక పాట కట్టారు. "మార్కర్ కొడుకు మార్కు చెరిపె." సోహెల్ బజారుకు పోతే వెనక బండి హారన్లతో సహా అదే. ఇంట్లో వాడు ఆ మాట ఎత్తేవాడు కాదు. పెరట్లో గోడకు బంతి కొడుతూ ఉండేవాడు. ఒకే ఇటుక మీద కొట్టేవాడు. ఆ ఇటుక మీద సున్నం పూర్తిగా రాలిపోయింది.

ఫైనల్‌కు వారం ముందు హనుమకొండ చౌరస్తాలో మిర్చిబజ్జీల బండి దగ్గర హరీశ్, వాడి దోస్తులు సోహెల్‌ను పట్టుకున్నారు. నలుగురు పట్టుకుంటే హరీశ్ వాడి ఎడమచేతి చిటికెన వేలు వెనక్కి విరిచాడు. సోహెల్ కట్టుతో ఇంటికి వచ్చి, చెప్పేటప్పుడు దాదాపు మెచ్చుకుంటున్నట్టే చెప్పాడు.

"కుడి చెయ్యి ముట్టలే ఆపా. 'ఫైనల్ల ఆడాలె గద, లేకుంటే నిన్ను కొట్టినా మజా ఉండది' అన్నడు."

మా చిన్నాన్న కొడుకు అబ్బాస్ అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడు లేచి పోయాడు. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగిన వేళ, నలుగురిని వెంటేసుకుని బాలకిషన్ గారి షెడ్డులో దూరి, మగ్గాల మీద నేతకు బిగించిన పడుగు దారమంతా కత్తితో కోసి వచ్చాడు.

సాయంత్రం బాలకిషన్ గారు ఒక్కరే మా ఇంటికి వచ్చారు. తెగిన దారాలు చేతికి చుట్టుకుని ఉన్నారు.

"సమద్ భాయ్, పిలగాండ్లు కొట్టుకుంటే కొట్టుకోనియ్. పండ్లు పోతయ్, ఏళ్లు ఇరుగుతయ్. పడుగు మీద కత్తి పెట్టుడేంది? సాలెవాని ఇంట్ల అది పీనుగ లేసినట్టు గాదా?"

నాన్న అబ్బాస్‌ను పిలిపించి, బాలకిషన్ గారి ముందే చెప్పు తీసుకుని కొట్టాడు. ఆయనే అడ్డం పడి ఆపవలసి వచ్చింది.

ఫైనల్‌కు అంపైర్ లేడు. లక్ష్మీనారాయణ సార్‌ను పెడదామంటే, ఆయన మార్కర్‌కు దోస్తు అని హరీశ్ ఒప్పుకోలేదు. ఇంకొకాయనను పెడదామంటే, ఆయనది కొత్తవాడ అని సోహెల్ ఒప్పుకోలేదు. ఎత్తు కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. "ఎవని గీత వాడే చెప్పుకోండ్రి, పీడ పోతది" అన్నారు క్లబ్బువాళ్లు.

నాన్న గీతలు వేసి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఆట చూడనన్నాడు. కొత్తవాడ కుర్రాళ్లు పక్క కంచె పొడుగునా నిలబడ్డారు. నేను సోహెల్ వైపు, వెనక గీతకు దగ్గరగా, నీళ్ల కుండ పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను. ఆ చివర నేను తప్ప ఎవరూ లేరు. ఎండ పడే వైపు అది.

అంత మంచి ఆట నేను మళ్లీ చూడలేదు. అంత క్రూరమైనది కూడా. హరీశ్ సర్వ్ రెండుసార్లు సోహెల్ కట్టు మీద తగిలింది. రెండోసారి వాడు మోకాళ్ల మీద కూలబడి, చెయ్యి పొట్టకు అదుముకుని, నుదురు మట్టికి ఆనించాడు. లేచాక, హరీశ్ నెట్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఛాతీ మీదికి, గొంతు మీదికి కొట్టాడు. హరీశ్ మెడ కింద నెత్తురు కట్టి నీలంగా లేచింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఊపిరి మాత్రం వినిపించేది, కట్టెలు కొట్టేవాళ్ల ఊపిరిలాగా.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి హరీశ్‌కు మ్యాచ్ పాయింట్.

అతను కొట్టిన బంతి నా ఎదుట మూలలో పడింది. సున్నం లేచింది. గీత మీద పడితేనే సున్నం లేస్తుంది. కొట్టిన ఊపులో హరీశ్ నెట్ దగ్గర జారి పడ్డాడు. అతనికి ఇటు సోహెల్ వీపు తప్ప ఏమీ కనబడదు. సోహెల్ మార్కు దగ్గరికి వచ్చి చూశాడు. ఉమ్మాడు. తల తిప్పకుండానే, రాయి విసిరినట్టు అన్నాడు.

"ఔ, తీస్కో!"

అని, బూటుతో మార్కు చెరిపేశాడు.

కంచె దగ్గర కేక లేచింది. "ఔటంటాండు! మల్ల చెరిపిండు! మార్కు చెరిపిండురో!"

సోహెల్ నెట్ వైపు నడిచాడు. ఆట అయిపోయాక చెయ్యి కలపాలి. ఎడమచేతికి కట్టు ఉంది కాబట్టి రాకెట్‌ను కుడిచేతిలోంచి తీసి ఎడమ చంకలోకి మార్చుకుంటున్నాడు. రాకెట్ కదలడం అప్పటికే లేచిన హరీశ్ చూశాడు. నెట్ మీద నుంచి దూకాడు. వాడి రాకెట్ అంచు సోహెల్ చెవి పైన తగిలింది. ఒక్క దెబ్బ. అప్పటిదాకా నేను విన్న అన్ని దెబ్బలకన్నా చప్పుడు తక్కువ.

సోహెల్ కూర్చున్నట్టుగా పడ్డాడు. కుడిచెయ్యి ఇంకా ముందుకు చాచే ఉంది. నేను వెళ్లి తల ఒళ్లో పెట్టుకున్నాను. చెవిలోంచి సన్నగా రక్తం వస్తోంది. హరీశ్ పైన నిలబడి అరుస్తున్నాడు. "లే! లెవ్వు! డ్రామా చెయ్యకు! లెవ్వురా, ఆడు!" చాలాసేపు అరిచాడు. తర్వాత గొంతు మారింది. "అక్కా, లేపు అక్కా. జర నీళ్లు గొట్టు."

దవాఖానలో సోహెల్ కళ్లు తెరవలేదు. శుక్రవారం జుమా నమాజు వేళకు పోయాడు.

పోలీస్ స్టేషన్‌లో నా వాంగ్మూలం రాసిన కానిస్టేబుల్‌కు నా శిష్యుల వయసు ఉంటుంది. అప్పటికే కొత్తవాడ కుర్రాళ్లందరి దగ్గరా రాసుకుని ఉన్నాడు. నేను చెప్పింది రాసి చదివి వినిపించాడు. "'ఔట్, తీస్కో' అని నా తమ్ముడు అనగా..."

"ఔట్ అనలేదు. 'ఔ' అన్నాడు. ఔను, లోపలే పడింది, పాయింట్ తీసుకో అని."

"అందరు ఔటనే చెప్పిన్రు మేడం."

"వాళ్లు అవతల ఉన్నారు. నేను పక్కన ఉన్నాను. ట పొల్లు కొట్టేయండి."

"ఒక పొల్లే గద మేడం. దానితోటి కేసు ఏం మారుతది?"

"కేసు సంగతి నాకు తెలియదు. కొట్టేయండి."

అతను కొట్టేసి పక్కన పొట్టిసంతకం పెట్టాడు. నేను సంతకం చేశాను.

బళ్లు తెరిచారు. ఘన్‌పూర్ రైల్లో నా వెనక సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. నేనెవరో వాళ్లకు తెలియదు. "కొట్టుడు తప్పే. గని వాడు గూడ ఆఖరి పాయింట్ల దొంగ ఔట్ ఇచ్చిండట. చచ్చేముంగట గూడ బుద్ధి మారలే." వెనక్కి తిరిగి ఒక మాట చెప్పాలనుకున్నాను. ఎంతమందికని చెప్పాలి? ఊళ్లో అంతా అదే నమ్మారు. మా తమ్ముడు చచ్చిపోయాడు, దొంగగా. నాన్న పనికి పోతున్నాడు, గీతలు వేస్తున్నాడు. ఆయన గీస్తుంటే కంచె బయటి నుంచి ఎవరో ఆ పాట ఎత్తారట. అది ఆయన ఇంటికి వచ్చి చెప్పలేదు, లక్ష్మీనారాయణ సార్ చెప్పాడు.

వానలు పడ్డాక హరీశ్‌కు బెయిల్ వచ్చింది. అబ్బాస్ ఆ కబురు విని మా అరుగు మీద వచ్చి కూర్చున్నాడు. బండి చైన్ ఒకటి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని నాకు తెలుసు.

"వాడు కొత్తవాడ దాటి బయటికి రావాలె గద ఆపా. ఎప్పుడన్న వస్తడు."

వెతుక్కుంటూ పోయే అవసరం లేకపోయింది. ఒక సాయంత్రం సన్నటి వానలో హరీశ్ తానే బండి మీద మా వీధిలోకి వచ్చాడు. ఒంటరిగా. బండి దిగనివ్వలేదు. అబ్బాస్ వాణ్ని కాలర్ పట్టి లాగాడు. బండి పక్కకు పడి చక్రం తిరుగుతూ ఉండిపోయింది. అబ్బాస్, అతని వెంట ముగ్గురు. చైన్ మొదట వీపు మీద పడింది. తర్వాత మొహం మీద. హరీశ్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఒకసారి కూడా. కనుబొమ్మ చిట్లి చర్మం వేలాడింది. తన్నులకు బోర్లా పడి, మళ్లీ మోకాళ్ల మీద లేచి, మా గడప వైపు చూస్తున్నాడు.

నాన్న లోపల మంచం మీద కూర్చుని వింటున్నాడు. లేవలేదు. ఆపమనీ అనలేదు.

నేను బయటికి వెళ్లాను. "ఇడువు అబ్బాస్."

"ఎందుకు ఇడువాలె?"

"నా కోసం వచ్చినట్టున్నాడు. ఇడువు."

హరీశ్‌ను లోపలికి తీసుకువచ్చి గడప దగ్గర కూర్చోబెట్టాను. నీళ్లిచ్చాను. తాగబోతే గ్లాసులోని నీళ్లు ఎర్రబడ్డాయి. విరిగిన పన్ను అలాగే ఉంది. కట్టించుకోలేదు.

"అక్కా, మా వకీల్ నీ స్టేట్‌మెంట్ సదివిండు."

నేను ఒక గుడ్డ తెచ్చి కనుబొమ్మకు అదుముకోమని ఇచ్చాను.

"నువ్వు నీ తమ్ముని కోసం అట్ల రాయించినవని అందరంటాన్రు. నేనైనా గట్లనే రాయిస్త. తప్పు లేదు. కోర్టుల గూడ అట్లనే చెప్పు, నాకు ఏమొద్దు, ఎన్నేండ్లేస్తే గన్నేండ్లు ఉంట." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "గని జడ్జికి గాదు, నాకు చెప్పు. నాకొక్కనికే. వాడు ఔటన్నడు గద?"

అతనికి ఏం కావాలో నాకు అర్థమైంది. నేను అబద్ధం రాయించి ఉండాలని కోరుకుంటూ ఆ వీధిలోకి వచ్చాడు. చైన్ దెబ్బలు అందుకే తిన్నాడు. 'ఔను, రాయించాను' అంటే చాలు, లేచి ఇంటికి పోతాడు. లోపల మంచం చప్పుడైంది. నాన్న వింటున్నాడు.

"కోపంగ అన్నడు గద అక్కా. నాకు ఇనబడ్డది. కోపంగ అన్నడు."

"కోపంగానే అన్నాడు," అన్నాను. "కోపంగా ఔనన్నాడు. బంతి గీత మీద పడింది. ఔ, తీస్కో అన్నాడు. ఒప్పుకునే చెరిపాడు. నీకు చెయ్యి ఇవ్వడానికే రాకెట్ చంకలో పెట్టుకుంటున్నాడు. ఆ ఆట నువ్వు గెలిచావు."

పిల్లలకు పాఠం చెప్పినంత నెమ్మదిగా, ఒక్క మాట కూడా మింగకుండా చెప్పాను.

హరీశ్ గ్లాసు కింద పెట్టాడు. గోడ పట్టుకుని లేచి బయటికి నడిచి, అబ్బాస్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"కొట్టన్నా," అన్నాడు.

అబ్బాస్ చేతిలో చైన్ ఉంది.

"కొట్టు. ఎందుకాపినవ్? కొట్టన్నా, నీకు దండం పెడ్త."

అబ్బాస్ నా మొహంలోకి చూశాడు. తర్వాత హరీశ్ మొహంలోకి. ఒక అడుగు వెనక్కి వేశాడు. మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే గోడవారగా జరిగారు. హరీశ్ వాన నీళ్లలో నిలబడి అలా అడుగుతూనే ఉన్నాడు. ఎవరూ కొట్టలేదు. అడిగి అడిగి, బండి సంగతి మరిచిపోయి, కాలినడకన వెళ్లిపోయాడు.

బండి రాత్రంతా మా వాకిట్లో పడి ఉంది. పొద్దున నేను బడికి బయల్దేరే వేళకు బాలకిషన్ గారు వచ్చారు. బండి వైపు పోలేదు. నా దగ్గరికి వచ్చి చేతులు జోడించారు. నాకన్నా చాలా పెద్దవారు. వద్దన్నా దించలేదు.

"పిలగాడు ఇంటికొచ్చిండు టీచరమ్మా. దెబ్బలదేమున్నది, మానుతయ్. వాడు కుడిచెయ్యి తీస్కపోయి నడిచే మగ్గంల పెట్టిండు. నేను ఉరికొచ్చి బందు చేసే వరకు నలిగిపోయింది. దవాఖానల పండుకొని ఒక్కటే మాట. 'ఔనన్నడట బాపూ.' ఇంకో మాట లేదు."

నేను సంచి కింద పెట్టాను.

"మీ పిలగాడు పోయిండు. మిమ్ములను అడిగే మొకం లేదు నాకు. కోర్టుల మీరు సత్యమే చెప్పుండ్రి, మేం అడ్డం రాం. వానికి మాత్రం జర అబద్ధం చెప్పుండ్రి. ఔట్ అన్నడని ఒక్కసారి వచ్చి చెప్పుండ్రి. మీరు చెప్తేనే నమ్ముతడు. వచ్చుడు గూడ వద్దు, ఫోన్ కలుపుత, ఫోన్ల చెప్పుండ్రి."

ఆయన అప్పటికే ఫోన్ తీశారు. అవతల ఎవరో ఎత్తి, హరీశ్ చెవి దగ్గర పెట్టినట్టున్నారు. బరువైన ఊపిరి వినిపిస్తోంది. బాలకిషన్ గారు ఫోన్ నా ముందుకు చాపారు.

చెప్పాలనే అనుకున్నాను. నాకు ఆ పిల్లవాడు కూడా పోవాలని లేదు. ట పలకాలంటే నాలుక కొన వెనక్కి మడిచి అంగిలిని తాకించాలి. అంతకన్నా ఏమీ లేదు. మాటలు సరిగా రాని పసివాళ్లు కూడా పలుకుతారు. నోరు తెరిచాను. 'ఔ' అన్నది పైకి వచ్చింది. 'ట్'కు నాలుక లేవలేదు.

అవతల ఊపిరి ఆగి ఎదురు చూస్తోంది.

బాలకిషన్ గారు మెల్లగా ఫోన్ వెనక్కి తీసుకున్నారు. పడి ఉన్న బండిని లేపి, వంగిన హ్యాండిల్‌ను ఒకసారి సరిచేయబోయి, వదిలేసి, తోసుకుంటూ వెళ్లిపోయారు.